అమెరికా నుంచి వచ్చిన నల్ల సీసా: కాఫీ, వెనీలా వేసిన బ్యారెల్ స్టౌట్‌ని రుచి చూడటం ఎలా?

బ్యారెల్ స్టౌట్ అంటే విస్కీ పీపాలో దాచిన చిక్కటి నల్ల బీరు. కోనసీమలోనో భీమవరంలోనో వైన్ షాపుకి వెళ్లి అడిగితే దొరికే సరుకు కాదిది. సంక్రాంతికి అమెరికా నుంచి దిగిన బావగారో మేనల్లుడో సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెస్తేనే ఇంటికొస్తుంది. తీరా వచ్చాక దానికి పట్టే గతి తెలిసిందే. డీప్ ఫ్రీజర్‌లో పడేస్తారు. సీసాకి మంచు పట్టాక తీసి, తలా ఒక గ్లాసు నింపుకుని గటగటా లాగించి, ‘ఏంట్రా ఇది, కషాయంలా ఉంది’ అని మొహం చిట్లిస్తారు. పక్కన ఎర్రగా కారం పట్టించిన రొయ్యల వేపుడు ఎలాగూ ఉంటుంది. అలా తాగితే ఎంత మంచి స్టౌటైనా కషాయమే.

లేబుల్ మీద ఇంపీరియల్ స్టౌట్, బర్బన్ బ్యారెల్, కాఫీ, వెనీలా అన్న మాటలు కనబడితే ఆ సీసాకి ఓ గంటన్నర టైమ్ కేటాయించండి. ఆ గంటన్నరలో మీరు చేయాల్సింది ఒక్కటే. గ్లాసులోంచి వచ్చే ఒక్కో వాసననూ ఎవరు తెచ్చారో విడదీసి పట్టుకోవాలి. వేయించిన బార్లీ గింజ తెచ్చిందా, పీపా చెక్క తెచ్చిందా, కాఫీ తెచ్చిందా, వెనీలా తెచ్చిందా? అది పట్టుబడితే బీరు బాగుందో లేదో మీకే తెలుస్తుంది, ఎవర్నీ అడగక్కర్లేదు.

సీసాలో ఏముందో ముందు తెలుసుకోండి

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే మాల్ట్ అవుతుంది. ఆ మాల్ట్‌లో కొంతా, మొలకెత్తించని బార్లీ కొంతా నల్లగా మాడే దాకా వేయించి కలిపితే స్టౌట్‌కి ఆ రంగూ ఆ చేదూ వస్తాయి. 18వ శతాబ్దంలో లండన్ నుంచి రష్యా రాజదర్బారుకి ఓడల్లో వెళ్లిన చిక్కటి నల్ల బీరు దీనికి తాత. ఇంపీరియల్ అన్న బిరుదు అక్కణ్నుంచే వచ్చింది.

పీపా కథ అమెరికాది. బర్బన్ విస్కీని లోపల కాల్చి బొగ్గు పట్టించిన కొత్త ఓక్ పీపాల్లోనే పెట్టాలని అక్కడి చట్టం. కాబట్టి ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కి పనికిరాదు. ఒక్కోటి సుమారు 200 లీటర్లు పట్టే ఈ పీపాలు ఖాళీ అయ్యాక స్కాచ్ విస్కీ చేసేవాళ్ల దగ్గరికీ, రమ్ చేసేవాళ్ల దగ్గరికీ వెళ్లేవి. 1990లలో షికాగోలోని గూస్ ఐలండ్ బ్రూవరీ వాళ్లు జిమ్ బీమ్ విస్కీ పీపాల్లో స్టౌట్ పోసి దాచారు. ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు. పీపాలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఉన్న బీరు, చెక్కలో ఇంకిపోయిన విస్కీని, చెక్క రుచిని లాక్కుంటుంది. కాఫీ, వెనీలా మాత్రం చాలావరకు చివర్లో, పీపాలోంచి బయటికి తీశాక వేస్తారు. ఈ వరస గుర్తుపెట్టుకోండి. సీసా నిలవ ఉండేకొద్దీ సాధారణంగా ముందు తగ్గేవి చివర వేసిన ఇవే.

ఇక ఘాటు సంగతి. ఇలాంటివి సాధారణంగా 10 నుంచి 15 శాతం ఉంటాయి. 12 శాతం ఉన్న 330 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 40 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన విస్కీ 42.8 శాతం కాబట్టి 60 మిల్లీలీటర్ల లార్జ్‌లో ఉండేది 26 లోపే. అంటే ఆ చిన్న సీసా ఒక్కటే లార్జ్ పెగ్గున్నర లెక్క. తియ్యగా ఉండటం వల్ల ఆ సంగతి లేచి నిలబడేదాకా తెలీదు. అందుకే ఒక సీసాని ముగ్గురు, నలుగురు పంచుకోవడమే పద్ధతి. 21 ఏళ్లు నిండని కుర్రాళ్లని కూర్చోబెట్టకండి. బండి తాళాలు ముందే ఇంట్లోవాళ్ల చేతికిచ్చేయండి. చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దాకా ఊరుకుంటుందేమో గానీ, రాత్రిపూట కాలవగట్టు రోడ్డు అంత కూడా ఊరుకోదు.

దాచుకోకండి, దాచినా ఎండలో దాచకండి

సీసా చేతికి రాగానే తయారైన తేదీ చూడండి. కాఫీ, వెనీలా లేని మామూలు బ్యారెల్ స్టౌట్ అయితే రెండు మూడేళ్లు తట్టుకుంటుంది, కొన్ని మెరుగుపడతాయి కూడా. కాఫీ వేసినదానికి ఆ ఓపిక లేదు. నెలలు గడిచేకొద్దీ కాఫీ వాసన చప్పబడుతుంది. కొన్నింట్లో దాని స్థానంలో పచ్చి క్యాప్సికం కోసినట్టు ఒక వాసన మిగులుతుంది. ‘అమ్మాయి పెళ్లికి తెరుద్దాం’ లాంటి ఆలోచనలు ఈ సీసా దగ్గర వద్దు.

వారం పది రోజులు ఆగాల్సి వస్తే ఫ్రిజ్ కింది అరలో నిలువుగా పెట్టండి. డోర్‌లో పెడితే తీసినప్పుడల్లా కుదుపు, వేడిగాలి. అటక మీదా, దేవుడి గది పక్క బీరువాలోనూ అసలు వద్దు. వేసవి అంతా మన ఇళ్లలో బయట ఉన్న బీరు తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. అక్కణ్నుంచి వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు.

గది, గ్లాసు

ఈ రెండింటి దగ్గరే మన వైపు సగం పని చెడుతుంది. తలమీద ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే గ్లాసు పైన వాసన నిలవదు, ముక్కు దాకా రాకుండానే కొట్టుకుపోతుంది. సంక్రాంతి రోజుల్లో అయితే ఫ్యాన్ ఆపేసి వరండాలో కూర్చోవచ్చు, కాస్త చలి ఉంటుంది కాబట్టి. వేసవిలో గదిని ముందే ఏసీతో చల్లబరిచి, వాసన చూసే నాలుగు నిమిషాలు ఫ్యాన్ ఆపండి. దోమల చక్రం, అగరుబత్తి, సాంబ్రాణి ఏదీ వెలగకూడదు. వంటింట్లో చేప వేగుతుంటే వేగడం అయ్యాక మొదలుపెట్టండి. వాకిట్లో పడక్కుర్చీ వేసుకుని కూర్చునే అలవాటు ఉంటే, రొయ్యల చెరువు వైపు నుంచి గాలి వస్తోందేమో కూడా చూసుకోవాలి మరి.

గ్లాసు అడుగు వెడల్పుగా, మూతి సన్నగా ఉండాలి. బ్రాందీ గ్లాసు అన్నిటికంటే మేలు, వైన్ గ్లాసు ఉన్నా చాలు. స్టీలు గ్లాసులో రంగు కనబడదు, వాసన నిలవదు. గ్లాసు ఎక్కడి నుంచి తీశారన్నది కూడా ముఖ్యమే. చాలా ఇళ్లలో మంచి గాజుగ్లాసులు ఏడాదికోసారి బయటికొస్తాయి. మిగతా రోజులు పట్టుచీరల బీరువాలోనో షోకేసులోనో బోర్లించి ఉంటాయి, వాటితోపాటు కలరా ఉండలూ ఉంటాయి. ఆ వాసన గ్లాసు లోపల గడ్డకట్టి కూర్చుంటుంది. వేడినీళ్లతో రెండుసార్లు కడిగి, సబ్బు వాసన కూడా పోయేదాకా చన్నీళ్లతో తొలిచి, పాత తువ్వాలుతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. ఆరాక ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి చూడండి. ఏ వాసనా రాకపోతే గ్లాసు సిద్ధం.

వాసనల పళ్లెం

సీసా తెరవడానికి అరగంట ముందు చిన్న చిన్న గిన్నెల్లో కొన్ని వస్తువులు సర్ది, మూతలు పెట్టండి. అప్పటికప్పుడు పొడి చేసిన కాఫీ గింజలు ఒక చెంచాడు. అరకు కాఫీ దొరికితే అదే, చికోరీ మాత్రం కలవకూడదు. ఒక ముక్క తాటి బెల్లం. నాలుగు ఎండు ద్రాక్షలు. ఆత్రేయపురం మామిడి తాండ్ర చిన్న ముక్క. వెనీలా కాయ దొరికితే సగం చీల్చి పెట్టండి, లేకపోతే దూది మీద రెండు చుక్కల ఎసెన్స్. షాపుల్లో చవగ్గా దొరికే ఎసెన్సులో ఉండేది చాలావరకు వెనిలిన్ అనే ఒక్క పదార్థమే. కాయలో అది కాక ఎండిన పండు వాసన, కాస్త లంక పొగాకు ఆకు వాసన కూడా ఉంటాయి. బీరులో వెనీలా పలచగా, ఐస్‌క్రీమ్‌లా ఒకే గొంతుతో పలుకుతోందా, నిండుగా ఉందా అని చెప్పడానికి ఈ తేడా పనికొస్తుంది.

కొబ్బరి తప్పకుండా ఉండాలి. ఓక్ చెక్కలో లాక్టోన్లు అనే పదార్థాలుంటాయి, వాటి వాసన అచ్చం కొబ్బరి వాసనే. కొబ్బరి అసలు వేయని బీరులోంచి కొబ్బరి వాసన వస్తోందంటే అది పీపా చెప్పే మాట. ఇక్కడ మనవాళ్ల ముక్కుకి సాటి లేదు. పచ్చి కొబ్బరి, కురిడీ, నూనె ఆడించిన చెక్క, నేతిలో వేగిన కోరు, వీటి తేడా కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు అంబాజీపేట చుట్టుపక్కల ఇంటికొకరుంటారు. బర్బన్ పీపా నుంచి ఎక్కువగా వచ్చేది కురిడీని సన్నసెగ మీద కాస్త ఎర్రగా వేయించిన వాసన. అందుకే గిన్నెలో ఎండుకొబ్బరి తురుము దోరగా వేయించి పెట్టండి.

కోకో కూడా మన దగ్గరే ఉంది. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో వేసే రైతు ఎవరైనా తెలిస్తే, పులియబెట్టి ఎండబెట్టిన గింజలు ఓ గుప్పెడు అడగండి. వాటిని పెనం మీద చిటపటమనేదాకా వేయించి, చల్లారాక అరచేతుల మధ్య నలపండి. పొట్టు ఊడి, లోపలి పప్పు ముక్కలవుతుంది. ముందు కాస్త పుల్లటి వాసన వచ్చి పోతుంది, ఆ వెనకే చేదు చాక్లెట్ వాసన వస్తుంది. నల్ల మాల్ట్ తెచ్చే చాక్లెట్ ఈ రకందే, దుకాణంలో దొరికే పాల చాక్లెట్ రకం కాదు.

గిన్నెలన్నీ ఒక్కొక్కటీ ఒకసారి వాసన చూసి మూత పెట్టేయండి. బీరు వాసన చూసేటప్పుడు మళ్లీ తెరవకండి. తెరిస్తే ఆ రోజు ముక్కుకి అవే మిగులుతాయి.

చల్లదనం, పోయడం

ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు సీసా 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనకి కావాల్సింది 10 నుంచి 14. సంక్రాంతికైతే అరగంట ముందు, వేసవిలోనైతే పావుగంట, ఇరవై నిమిషాల ముందు బయట పెడితే సరిపోతుంది. ఐస్ వేయడం, సోడా కలపడం గురించి ఎవరైనా మాట్లాడితే వాళ్లకి వేరే బీరు ఇవ్వండి.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో రాసిన సలహాల్లో గ్లాసుని అరచేతిలో పట్టుకుని వెచ్చబెట్టమని ఉంటుంది. మన దగ్గర ఆ శ్రమ అక్కర్లేదు. గది వేడికే పది నిమిషాల్లో వెచ్చబడుతుంది, ఆగకపోతే 20 డిగ్రీలు దాటిపోయి ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకి తగులుతుంది. అందుకని తలా 50, 60 మిల్లీలీటర్లే పోసి, మూత బిగించి మిగతాది మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి. రెండో విడత చల్లటిది పోసుకున్నప్పుడు, మొదటి విడతలో మిగిలిన వెచ్చటి గుక్కతో పోల్చుకోవచ్చు. ఒకే బీరు రెండు బీర్లలా ఉంటుంది.

గ్లాసు వంచి, పక్కగోడ మీదుగా నెమ్మదిగా పోయండి. నురగ ముదురు గోధుమరంగులో కొద్దిగా లేచి తొందరగా అణిగిపోతుంది. ఘాటు ఎక్కువైన బీరులో నురగ నిలవదు, అదేం లోపం కాదు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అంచు దగ్గర తప్ప వెలుగు దూరదు. కంటితో చేయాల్సిన పని అంతే.

ముక్కు పని

మొదట గ్లాసు తిప్పకండి. గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, చిన్న చిన్నగా రెండు మూడుసార్లు పీల్చండి. ముక్కు గ్లాసులో ముంచి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ మంట తప్ప ఏమీ మిగలదు.

ముందు దొరకాల్సింది కాఫీ, ఎందుకంటే ముందు పోయేది అదే. ఇక్కడే చాలామంది తడబడతారు. కాఫీ వేయని స్టౌట్‌లో కూడా నల్లగా వేయించిన బార్లీ కాఫీ లాంటి వాసనే ఇస్తుంది కదా, మరి అసలు కాఫీ ఏదని ఎలా చెప్పాలి? బార్లీ గింజ తెచ్చిన కాఫీ వాసన పొడిగా, మాడుగా ఉంటుంది, నాలుక చివర చేదుగా తేలుతుంది. నిజమైన కాఫీ వాసన తాగకముందే పైకి లేస్తుంది, అందులో ఒక పండు వాసన, ఒక్కోసారి నిమ్మజాతి పులుపు ఛాయ ఉంటుంది. అంటే ముక్కు దగ్గర వినబడేది కాఫీ, గొంతు దగ్గర వినబడేది బార్లీ గింజ.

ఇప్పుడు గ్లాసు రెండుసార్లు తిప్పి మళ్లీ చూడండి. వెనీలా వస్తుంది. ఇందులోనూ ఒక చిక్కుంది. ఓక్ చెక్కని కాల్చినప్పుడు అందులోని లిగ్నిన్ అనే పదార్థం విరిగి వెనిలిన్ పుడుతుంది. కాయలో ఉండేది కూడా అదే వెనిలిన్. పదార్థం ఒకటే అయినప్పుడు విడదీయడం ఎలా? తోడెవరొచ్చారో చూడాలి. పీపా వెనీలా ఒంటరిగా రాదు, వెంట కొబ్బరి, చెక్కపొడి, మాగిన బెల్లం పాకం, కొంచెం బొగ్గు ఉంటాయి. కాయ వెనీలా మెత్తగా, వెన్నలాగా, మిగతావాటికి పైన తేలుతూ వస్తుంది. 

చివరికి అడుగున మాల్ట్ ఉంటుంది. చాక్లెట్, తాటి బెల్లం, ఎండు ద్రాక్ష, మామిడి తాండ్రలోని ఆ ముదురు తీపి. ఇవి దొరకలేదంటే బీరు పలచనన్నమాట. నా మటుకు నాకు వెనీలా ముందు నిలబడి మాట్లాడే స్టౌట్ అంటే అనుమానం. సత్తా లేని బీరుని కప్పడానికి వెనీలాని మించిన దుప్పటి లేదు.

ఎవరికి తోచింది వాళ్లు కాగితం మీద రాసుకోండి, అందరూ రాశాకే పైకి చదవండి. పెద్దాయనెవరైనా ముందుగా ‘కొబ్బరిరా’ అన్నారంటే ఆ తర్వాత గదిలో ఉన్న పదిమందికీ కొబ్బరే వస్తుంది.

నోటి పని

మొదటి గుక్క లెక్కలోకి రాదు. అది ఆల్కహాల్‌కి నాలుకని అలవాటు చేయడానికి. అది మింగి, మంచినీళ్లు ఒక గుక్క తాగి, అర నిమిషం ఆగండి.

రెండో గుక్కకి ముక్కు మూసుకోండి. చెంచాడు బీరు నోట్లో నాలుగైదు సెకన్లు అటూ ఇటూ తిప్పండి. ఇప్పుడు మీకు తెలిసేది తీపి, చేదు, పులుపు, చిక్కదనం, గొంతులో వేడి, అంతే. కాఫీ లేదు, వెనీలా లేదు. మింగేసి, ముక్కు వదిలి, గాలిని ముక్కులోంచి బయటికి పంపండి. పోయినవన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. రుచి అనుకున్నదాంట్లో ఎంత వాసనో ఆ క్షణంలో తెలిసిపోతుంది, మొదటిసారి చేసినవాళ్లు నవ్వకుండా ఉండలేరు.

మూడో గుక్క మామూలుగా తాగుతూ తీపి చేదుల తూకం చూడండి. నాలుక ముందు తీపి పడ్డా, మింగాక వేయించిన చేదు వచ్చి దాన్ని తుడిచేయాలి. తుడవకుండా పెదాలకి పాకంలా అంటుకుంటే అది తీపి ఎక్కువైన సరుకు, నాలుగో గుక్కకి మొహం మొత్తుతుంది. మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో, చివరికి ఏది మిగిలిందో చూడండి. మంచి సీసాలో చివర మిగిలేది సాధారణంగా పీపా.

పులుపు దగ్గర జాగ్రత్త. కాఫీ తెచ్చే పులుపు చురుగ్గా వచ్చి పోతుంది. పాడైన బీరు పులుపు దవడల్లో ఉండిపోతుంది, ముక్కులో వెనిగర్ తగులుతుంది. ఉదయం చెట్టు మీంచి దింపిన కల్లుకీ, మధ్యాహ్నం దాటాక అదే కుండలో మిగిలినదానికీ తేడా ఎరిగినవాళ్లకి ఇది వేరే నేర్పక్కర్లేదు. పీపా చెక్కలో దాక్కున్న బ్యాక్టీరియా వల్ల ఇలాంటి స్టౌట్లకి ఈ గండం ఎప్పుడూ ఉంటుంది. సోయా సాస్ వాసన వచ్చినా, తడి అట్ట వాసన వచ్చినా బీరు పాతబడిందనే. తెచ్చినవాళ్ల మొహమాటానికి పోయి తాగక్కర్లేదు, పారబోయండి.

పక్కన ఏం పెట్టాలి

రుచి చూసేటప్పుడు మంచినీళ్లు, ఉప్పు లేని మరమరాలు తప్ప ఏమీ వద్దు. కాగితాలు పక్కన పెట్టేశాక తినండి. కారం మాత్రం ఈ రాత్రికి మానేయండి. నోట్లో మంటని పసిగట్టే గ్రాహకాలనే మిరపకాయా ఆల్కహాలూ రెండూ రేపుతాయి, రెండూ కలిస్తే స్టౌట్‌లోంచి మంట తప్ప మరేమీ మిగలదు. రొయ్యల వేపుడు మర్నాడు ఉంటుంది.

దోరగా వేయించి ఉప్పు చల్లిన మోరి జీడిపప్పు దీనికి సరైన జోడీ, ఉప్పు తగిలితే బీరులో చాక్లెట్ పైకి లేస్తుంది. బెల్లం పూతరేకులు ఒక్కటి చాలు. బెల్లం, నెయ్యి వచ్చి మాల్ట్‌తో కలిసిపోతాయి, పొర పలచన కాబట్టి నోరు నిండిపోదు. మడత కాజా తెచ్చేవాళ్లుంటారు, దాని తీపి ముందు బీరు పుల్లనీళ్లలా తేలిపోతుంది. చాక్లెట్ పెడితే 70 శాతం పైన కోకో ఉన్నది పెట్టండి.

సీసా అయిపోయాక బావగారికి చెప్పాల్సిన మాట ఒకటుంది. వచ్చేసారి ఇదే బ్రూవరీ నుంచి రెండు సీసాలు తెమ్మనండి, ఒకటి కాఫీ, వెనీలా వేసినది, రెండోది ఏమీ కలపని మామూలు బ్యారెల్ స్టౌట్. విదేశం నుంచి వచ్చేటప్పుడు సుంకం లేకుండా రెండు లీటర్ల దాకా మద్యం తేనిస్తారు, కాబట్టి ఇబ్బందేం లేదు. రెండు గ్లాసుల అడుగున చిన్న చీటీలు అంటించి, తాగని మనిషి చేత అటూ ఇటూ మార్పించి, ఏది ఏదో చెప్పమని పందెం వేయండి.